రవ్వ, డాల్డా, రివాల్వర్

టెక్సస్‌లో తెలుగువాడు తుపాకీ కొన్నాడంటే దొంగల భయమేమో అనుకుంటారు. నా రివాల్వర్‌ని చూస్తే దొంగే జాలిపడతాడు. నేను మందు పోసి, రవ్వ పోసి, గుండు కూరి, డాల్డా పూసేలోగా అతను కాఫీ కూడా కలుపుకు తాగి వెళ్లొచ్చు.

ఇది 1851 నాటి కోల్ట్ నేవీకి ఇటలీలో చేసిన నకలు. 1843లో టెక్సస్ నౌకాదళం మెక్సికో ఓడలతో తలపడిన దృశ్యం దీని సిలిండర్ చుట్టూ చెక్కి ఉంటుంది. 1968 నాటి ఫెడరల్ చట్టం లెక్కలో ఇది తుపాకీ కాదు, పురాతన వస్తువు. మా ఆవిడ దగ్గర అనుమతి సంపాదించింది ఈ ఒక్క వాక్యంతోనే.

రోగం అంటించింది ఆఫీసులో రిటైర్మెంటుకు దగ్గరపడ్డ ఒక పెద్దాయన. ఓ ఆదివారం షూటింగ్ రేంజిలో తన రివాల్వర్ నా చేతికిచ్చి పేల్చమన్నాడు. ధభీమంది. ఎదురుగా తెల్లటి మేఘం. సురేకారం, బొగ్గు, గంధకం కాలిన వాసన, అచ్చం దీపావళి మర్నాడు మా వీధిలా. గురి తగిలిందో లేదో పొగ విడిచేదాకా తెలియదు. ఆ కాసేపూ నన్ను మించిన గురికాడు లేడు.

అసలు మజా దట్టించడంలో ఉంది. సుత్తిని సగం లాగితే సిలిండర్ తిరుగుతుంది. ఒక్కో గదిలో గ్రాము మందు పోస్తాను. అంత తక్కువ మందు మీద గుండు పెడితే అది మరీ లోపలికి దిగి గురి చెడుతుందట, అందుకని పైన కాస్త గోధుమ రవ్వ. సీసపు గుండు గది మూతికన్నా రవ్వంత పెద్దది. కింది మీటతో అదిమితే అంచున సన్నటి సీసపు తీగ ఊడొస్తుంది, బిగువుగా కూర్చుందని గుర్తు. మూతికి డాల్డా పూస్తే మసి గట్టిపడదు. చివర్లో వెనకవైపు చిన్న రాగి టోపీలు. గదులు ఆరు, నింపేవి అయిదే. సుత్తి ఖాళీ గది మీద ఆనితే క్షేమం.

పాతకాలపు అమెరికా గురికాడు వైల్డ్ బిల్ హికాక్ ఈ నేవీలు ఒకటికి రెండు ఎందుకు కట్టుకు తిరిగాడో ఇప్పుడు తెలిసింది. మళ్లీ దట్టించే ఓపిక ఆయనకీ ఉండి ఉండదు.

ఇక గురి. వెనక సైటు ఉండేది సుత్తి మీది గాడిలోనే. దగ్గర్లో నల్లచుక్కకి గురిపెడితే ఎక్కడో పైన తగులుతుంది. రేంజిలో ఓసారి పక్క వరుసలో కుర్రాడు కొత్త పిస్తోలుతో పెట్టెడు తూటాలు ఊదేసి, నా పొగకి దగ్గుతూ వచ్చి, “అంకుల్, ఒక్కటి నేను పేల్చనా?” అన్నాడు. తెలుగువాడే.

“ఉప్మాకి ఉంచిన రవ్వ ఏదండీ?” అని మా ఆవిడ అడిగిన రోజున నిజం చెప్పాల్సొచ్చింది.

“రవ్వా, డాల్డానా? పేల్చేది తుపాకీయా, కేసరియా?”

ఈ మందు మసి చెమ్మ పీల్చి ఇనుముని తినేస్తుంది. ఇంటికి రాగానే విప్పి, వేడినీళ్లూ సబ్బూ పెట్టి తోమాల్సిందే. సింకు దగ్గర నేను బారెల్‌లో బ్రష్షు ఆడిస్తుంటే ఆవిడ వెనకే నిలబడి చూసింది.

“చేతులు ఎలాగూ తడిశాయిగా” అంటూ ఇడ్లీ రేకులు, మాడిన మూకుడు తెచ్చి పక్కన పెట్టింది.