టూ సెవెన్ బాబాయ్

హైదరాబాద్ ఐటీ ఆఫీసుల్లో వెతికితే ఫ్లోరుకొక టూ సెవెన్ బాబాయ్ దొరుకుతాడు. పైథాన్‌లో రాసిన ఏదో ఒక పాత లైబ్రరీ ఆయన సంరక్షణలో ఉంటుంది. దాన్ని ఎవరు వాడుతున్నారో ఆయనకి తెలీదు. తెలియని ఆ మహానుభావుల్లో ఒక్కరికీ ఇబ్బంది కలగకూడదు, అంతే. పెళ్ళిభోజనాల్లో బంతి చివర ముసలాయన మజ్జిగన్నం ముగించి లేచేదాకా ఒక్క విస్తరీ ఎత్తనివ్వని పెద్దమనిషి ఉంటాడే, అచ్చం ఆ బాపతు.

పైథాన్ 3.0 వచ్చింది 2008లో. 2.7 వచ్చింది 2010లో. 2015తో 2.7కి చెల్లు అన్న పెద్దలు, 2014లో మెత్తబడి గడువు 2020కి జరిపారు. ఒకసారి జరిపినవాళ్ళు రెండోసారి జరపరా అని బాబాయ్ ఆశ. 2020 జనవరి 1 వచ్చింది, వెళ్ళింది, ఎవరూ ఏమీ జరపలేదు. "అయితే ఏం? రెడ్ హ్యాట్ 7 సర్వర్లలో 2.7 ఉందా లేదా? ఎక్కడో ఒక బ్యాంకులో..." అని ఆగుతాడు. ఆ బ్యాంకు పేరు మాత్రం ఇంతవరకూ బయటికి రాలేదు.

ఆయన ఫైలు తెరిస్తే మొదటి లైనే 'ఫ్యూచర్' నుంచి ఇంపోర్ట్. పాత పైథాన్ చేత కొత్త పద్ధతులు పాటింపజేసే ఏర్పాటది. దాని కింద 'సిక్స్' లైబ్రరీ. ఆ కింద ట్రై, ఎక్సెప్ట్‌ల బారు: మాడ్యూల్ కొత్త పేరుతో దొరికితే సరే, లేకపోతే పాత పేరుతో పిలువు. అసలు పని మొదలయ్యేసరికి చదివేవాడి టీ చల్లారిపోతుంది. 3ని 2తో భాగిస్తే 2.7లో 1 వస్తుంది, 3.0 నుంచి 1.5 వస్తుంది. అందుకని క్యాంటీన్‌లో బిల్లు చెరిసగం అన్నా బాబాయ్ ముందు అడిగేది, "ఏ వెర్షన్ ప్రకారం?"

వాదనలో ఆయన్ని గెలవడం కష్టం. యూనికోడ్ స్ట్రింగ్ ముందు పెట్టే 'యు' అక్షరాన్ని 3.0లో తీసేశారు, జనం గోల పడలేక 2012లో 3.3లో మళ్ళీ పెట్టారు. "చూశావా? తీసేసినవాళ్ళే తిరిగి తెచ్చుకున్నారు. నేనసలు తియ్యనేలేదు!" అంటాడు.

అలాగని మొండివాడు కాదు. ఏదైనా ఫంక్షన్ తీసెయ్యాలంటే రెండేళ్ళ ముందే డెప్రికేషన్ వార్నింగ్ పెడతాడు. ఆ వార్నింగు 2.7లో మనం ప్రత్యేకంగా అడిగితే తప్ప తెరమీద కనపడదు. ఎవరూ చూడరు కాబట్టి ఎవరూ మారరు. ఎవరూ మారలేదు కాబట్టి బాబాయ్ ఇంకో రెండేళ్ళు ఇస్తాడు.

చివరికి మేనేజరు కల్పించుకుంటే గానీ 2.7కి వీడ్కోలు జరగలేదు. టీమంతా స్వీట్లు పంచుకుంది. కొత్తగా చేరిన అమ్మాయి ముచ్చటపడి తన మొదటి ఎఫ్-స్ట్రింగ్ రాసుకుంది. సాయంత్రానికల్లా బాబాయ్ ఆమె సీటు దగ్గర నిలబడ్డాడు.

"బయట డబుల్ కోట్స్ పెట్టి, లోపల బ్రాకెట్లో మళ్ళీ అవే డబుల్ కోట్సా? అది 3.12 నుంచే చెల్లుతుందమ్మా. 3.8 వాళ్ళు ఏమైపోవాలి?"

"సర్, 3.8కి కూడా 2024 అక్టోబరులో సపోర్ట్ ఆపేశారు కదా!"

బాబాయ్ కళ్ళు మెరిశాయి. పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "అయ్యో పాపం! అయితే వాళ్ళకి ఇప్పుడు మనం తప్ప దిక్కెవరు?"