పులికి వెయ్యి చదరపు మీటర్లు

తిరుపతి జూలో పులిగా పుట్టాలంటే పూర్వజన్మ సుకృతం ఉండాల. 2009 నాటి జూల గుర్తింపు నిబంధనల ప్రకారం జత పులులకు కనీసం వెయ్యి చదరపు మీటర్ల ఆరుబయలు ఇవ్వాలి. అదే ఏడాది వచ్చిన విద్యాహక్కు చట్టం బడికి ఆటస్థలం ఉండాలంటుంది. ఎంత ఉండాలో మాత్రం ఆ చట్టం షెడ్యూలులో రాయలేదు. పులి కరుస్తుంది గనుక టేపు పెట్టి కొలిచారు, పిల్లలు కరవరు. పైగా ఆ చట్టం ఎనిమిదో తరగతితో సరి. ఇంటర్‌కొచ్చిన అబ్బోడు చట్టం లెక్కలో పిల్లోడూ కాడు, పులీ కాడు.

మరి మన ఊళ్ళో కాలేజీలకు ఆటస్థలాలు లేవా అంటే, ఉన్నాయి. మేడ మీద. పైన రేకులు, చుట్టూ వల, కింద ప్లాస్టిక్ గడ్డి, ఆ గడ్డి తొక్కరాదని బోర్డు. ఎదురుగా శేషాచలం. 2010లో బయోస్ఫియర్ రిజర్వుగా ప్రకటించిన కొండ. దాని మీద బంగారు బల్లి ఉంది, ఎర్రచందనం ఉంది. కిటికీ తెరిస్తే అదంతా కనబడి ఏకాగ్రత చెడుతుందని యాజమాన్యాలు కిటికీలు మూసి ఏసీలు పెట్టాయి. అయినా పిల్లలకు ప్రకృతి తెలియదనకండి. ఎర్రచందనం అంటే చాలు, టెరోకార్పస్ సాంటలైనస్ అని నిద్రలో లేపినా చెప్తారు. చెట్టును చూశారా? పేపర్లో చూశారు, పోలీసుల ముందు దుంగలుగా పేర్చి ఉండగా.

ఈ లోటు పూడ్చడానికి నేచర్ క్యాంపులు వచ్చాయి. ఫీజు కట్టి, హామీపత్రం మీద సంతకం పెడితే బస్సులో తలకోనకు తీసుకుపోతారు. 270 అడుగుల ఎత్తు నుంచి నీళ్ళు పడుతుంటాయి. తడవకూడదు. ఫొటో దిగి, వాట్సాప్ గ్రూపులో పెట్టి, తిరుగు బస్సులో ఫిజిక్స్ బిట్లు చేసుకోవాలి. వాళ్ళ తాతలు కలివిపండ్ల కోసం ముళ్ళల్లో దూరి, చొక్కా చించుకుని, ఇంట్లో తన్నులు తిన్నారు. అప్పట్లో సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి లేదు.

మన ఉమ్మడి చిత్తూరు జిల్లాలోనే ఒకడిలా చెడిపోయాడు. 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి. బడిలో కలలు కంటూ కూర్చుంటే మొద్దు అని అయ్యవార్లు బాదేవాళ్ళు. 1909లో దివ్యజ్ఞాన సమాజం నాయకుడు లెడ్‌బీటర్ కంటబడింది ఎక్కడ? అడయారు సముద్రతీరంలో! స్టడీ అవర్ ఉండుంటే దొరికేవాడా? తర్వాత ఇంగ్లండులో ప్రవేశ పరీక్షలూ మళ్ళీ మళ్ళీ తప్పాడు. ఇట్లాంటి రికార్డు ఉన్న మనిషి బడి పెడితే ఎట్లుంటాది? మదనపల్లె దగ్గర రిషివ్యాలీలా ఉంటుంది. బోడికొండల మధ్య చెట్లు పెంచారు. 1991లో ఆ లోయను పక్షుల రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. సాయంత్రం పిల్లలు గుట్టెక్కి, పుస్తకం లేకుండా, నోరెత్తకుండా పొద్దు గుంకేది చూస్తారు. దానికి అస్తాచల్ అని పేరు.

ఈ సంగతి చెప్తే మా వీధిలో ఒకాయన శ్రద్ధగా విన్నాడు. పిల్లోడి డైరీ తీశాడు, పెన్ను క్యాపు కూడా తీశాడు.

"శానా బాగుండాది సామీ. పొద్దు గుంకేదానికి నీట్‌లో ఎన్ని మార్కులొస్తాయి?"