మూడో ఓటు

పది రోజులుగా నన్ను తినేస్తున్న ప్రశ్న ఒక్కటే: రెండా, మూడా?

సర్వర్ల సంగతి. సెకండ్ హ్యాండ్‌లో కొన్న మినీ పీసీలు రెండున్నాయి. వాటి మీద నడిచేది బ్యాంకేమీ కాదు: పిల్లల ఫొటోలు, ప్రకటనల్ని ఆపే పై-హోల్. ఒకటి పడిపోతే రెండోది అందుకోవాలి, అంతే కదా అనుకున్నాను. వాటిని క్లస్టరుగా కలిపి నడిపే సాఫ్ట్‌వేర్ ప్రాక్స్‌మాక్స్ ఒప్పుకోలేదు. దానికి కోరం కావాలట, అంటే సగానికి మించి ఓట్లు. రెండింట్లో ఒకటి పోతే మిగిలేది సరిగ్గా సగం. దాంతో బతికున్నది కూడా పోయినదాని పని ఎత్తుకోకుండా చేతులు కట్టుకు కూర్చుంటుంది.

ఇది నాకు ఒకరు చెప్పాలా? పెళ్లయి పద్దెనిమిదేళ్లు. మాదీ రెండు నోడ్ల క్లస్టరే. ఉప్మా అని నేను, దోసె అని ఆవిడ. చెరో ఓటు, ఆ పూట టిఫిన్ లేదు. మాటల్లేని రోజుల్లో మరీ ప్రమాదం. ఎవరికి వాళ్లం ఇంటి పెత్తనం మనదే అనుకుని పాలవాడికి ఇద్దరం డబ్బులిచ్చేస్తాం. దీన్నే స్ప్లిట్ బ్రెయిన్ అంటారు. దీనికి మందు క్యూడివైస్ అనే మూడో ఓటరు. ఓ రాస్ప్‌బెర్రీ పై లాంటి బుల్లి కంప్యూటర్ చాలు. అది బరువు మొయ్యదు, బాధ్యత తీసుకోదు, ఓటు మాత్రం వేస్తుంది. చదవగానే మా అత్తగారు గుర్తొచ్చారు. ఆవిడ ఉన్నన్నాళ్లూ మా ఇంట్లో కోరానికి లోటుండదు, ప్రతి నిర్ణయం రెండు-ఒకటి. ఆ ఒకటి ఎవరో మీకు తెలుసు. ఒంటరైన యంత్రానికీ దారి రాసిపెట్టారు: హెచ్‌ఏ (ఒకటి పడితే ఇంకోటి అందుకునే) పనులు మోస్తూ కోరం తెగిపోతే, నిమిషంలో కాపలా టైమర్ వాచ్‌డాగ్ దాన్ని రీబూట్ చేస్తుంది. నేనైతే డాబా మీదికి పోతాను.

సరే, మూడూ కొలువుదీరాయి. మొన్న ఆదివారం మూడూ ఒక్కసారే చచ్చాయి. మిక్సీ కోసం మా ఆవిడ ఎక్స్‌టెన్షన్ బోర్డు పీకేసింది. మూడింటికీ బోర్డు అదే.

"చట్నీ అయ్యాక పెట్టేస్తాను కదండీ, ఏం కొంపలు మునిగాయని?"

మునగలేదు. అదే నా బాధ.

మళ్లీ ఒక్కోదాన్నీ లేపుతుంటే తట్టింది, ఈ పాస్‌వర్డులన్నీ నాకొక్కడికే తెలుసు. నాన్న పోయినప్పుడు బీరువాలో ఓ పాత డైరీ దొరికింది. పాలసీ నంబర్లు, గ్యాసు కనెక్షన్ నంబరు, ఎవరికెంత బాకీ, అన్నీ ఆయన గుండ్రటి అక్షరాల్లో. గంటలో లెక్కలన్నీ తేలిపోయాయి. ఆయనకు కంప్యూటర్ ఆన్ చేయడం రాదు.

నిన్న నేనూ ఓ డైరీ కొన్నాను. మొదటి పేజీలో "మిక్సీకి వేరే ప్లగ్గు ఉంది" అని రాశాను. రెండో పేజీ ఇంకా తెల్లగానే ఉంది.