ఓనరుగారి రన్‌వే

విశాఖలో విమానం దిగుతుంటే ప్రయాణికుడికి ముందుగా వినిపించేది ‘ఫొటోలు తీయరాదు’ అనే మాటే. తీయకూడదు మరి. రన్‌వే నేవీది, ఆ పైన ఆకాశంలో ఎవరు ఎప్పుడు రావాలో చెప్పేదీ నేవీయే. మన వాటాకి వచ్చినవి టెర్మినల్, అందులో కళ్లు తిరిగే ధరకి కాఫీ. ఐఎన్‌ఎస్ డేగ అనే ఆ నేవీ స్థావరంలో మనం అద్దెకున్నవాళ్లం. ఓనరుగారు పెరట్లో కసరత్తు చేసుకుంటుంటే మనం బట్టలారేసుకోకూడదు.

ఆయనకి డోర్నియర్లున్నాయి, హెలికాప్టర్లున్నాయి, కాపలా కాయడానికి సముద్రమంత సముద్రం ఉంది. ఆయన కసరత్తు చేసే గంటల్లో మన విమానాలకి స్లాట్లు దొరకవు. 2022 నవంబరు నుంచి కొన్ని నెలలు రన్‌వే మరమ్మతులని రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఎనిమిది దాకా గేటే మూసేశారు.

1981లో రోజుకొక్క విమానంతో మొదలైన సంసారం ఇది. అప్పుడు ఎవరికీ ఇరుకు తెలీలేదు. 1991లో డేగ కమిషనయింది, 2007లో పదివేల అడుగుల కొత్త రన్‌వే, 2009లో కొత్త టెర్మినల్ వచ్చాయి. ఆ టెర్మినల్ పైకప్పుని 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఊడబెరికింది. స్లాటు అడక్కుండా డేగలో గాల్లోకి లేచిన పౌర ఆస్తి బహుశా అదొక్కటే. రెండో రోజుకల్లా ప్రధాని విశాఖలో దిగారు. మన కప్పు పోయినా ఓనరుగారి నేల గట్టిదే, ఆ మాట ఒప్పుకోవాలి.

టీయూ-142 అని ఓ పెద్ద నిఘా విమానం ఉండేది. రిటైరయ్యాక, 2017 ఏప్రిల్ 8న అరక్కోణం నుంచి వచ్చి ఇక్కడే దిగింది. దాన్ని ముక్కలుగా విప్పి, రోడ్డు మీద ఆర్కే బీచికి తరలించి, మళ్లీ అతికించి మ్యూజియం చేశారు. ఒకప్పుడు పరమ రహస్యమైన ఆ విమానం రెక్క కింద ఇప్పుడు జనం ముంతమసాలా తింటూ సెల్ఫీలు దిగుతున్నారు. నేవీ విమానాన్ని ఫొటో తీయాలంటే అది రిటైరయ్యేదాకా ఆగాలి, అంతే.

సొంతిల్లు కట్టుకుందామంటే భోగాపురం ఉంది. అక్కడ ఒకే విమానాశ్రయానికి 2019లో ఒక ముఖ్యమంత్రి, 2023లో ఇంకో ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. ఈ రెండో శంకుస్థాపనకి నేవీ కారణం కాదు. శిలాఫలకాలకి ఎవరి స్లాటూ అక్కర్లేదు కదా!

అది తెరుచుకుంటే పౌర విమానాలన్నీ అటే మళ్లాలి. ఊళ్లోంచి సుమారు నలభై అయిదు కిలోమీటర్లు. ‘నేవీవోళ్లు మనల్ని ఎగరనివ్వట్లేదు’ అని ఇరవై ఏళ్లుగా తిట్టిన మా గాజువాక మిత్రుడు మొన్న ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర బండాపి, గొంతు తగ్గించి అడిగాడు: “గురూ, ఎల్లేవోళ్లని భోగాపురం ఎల్లనీ. పొద్దున్న హైదరాబాద్ విమానం ఒక్కటీ ఇక్కడే ఉంచమని నేవీవోళ్లకి చెప్పేవోళ్లెవరైనా ఉన్నారేటి?”