సోమలింగానికి ఏ సాఫ్ట్‌వేర్?

హార్డ్‌డిస్క్‌లో పాతికవేల ఫోటోలు మూలుగుతుంటాయి. అందులో ఏవి ఉంచాలో, ఏవి తీసెయ్యాలో ఇంతవరకు కూర్చుని చూసిన పాపాన పోలేదు. కానీ వాటిని అడోబీ లైట్‌రూమ్‌లో దిద్దాలా, క్యాప్చర్ వన్‌లో దిద్దాలా అన్న బెంగతో మన ఔత్సాహిక ఫోటోగ్రాఫర్‌కి కంటి మీద కునుకుండదు. ఆలూ లేదు చూలూ లేదు, సోమలింగానికి సాఫ్ట్‌వేర్ మాత్రం ముందే తేలిపోవాలి.

ఈ బాపతు మనుషుల్ని చూడాలంటే చలికాలం ఆదివారం పొద్దున్నే హైదరాబాద్ శివార్లలోని అమీన్‌పూర్ చెరువు గట్టుకు వెళ్ళండి. మోచెయ్యంత లెన్సులు, ఆకుల డిజైను చొక్కాలు, వరసగా ట్రైపాడ్లు. లకుముకి పిట్ట నీళ్ళలోకి దూకి, చేపను కరుచుకుని లేచి, కొమ్మకేసి కొట్టి మింగేస్తుంది. ఒక్కరూ చూడరు. ఆ టైములో ఫోటోలోని నాయిస్‌ను ఏ సాఫ్ట్‌వేర్ బాగా తీస్తుందన్న చర్చ రసకందాయంలో ఉంటుంది. "మీరింకా అడోబీయేనా సార్?" అని పక్కాయన అడుగుతాడు. గొంతులో పరామర్శ.

ఎలాగో ఒక పిట్ట దొరికిందనుకోండి. ఇంటికొచ్చాక అసలు యజ్ఞం మొదలు. నాలుగు సాఫ్ట్‌వేర్లు దింపి, అదే ఫోటోను నాలుగింట్లోనూ తెరిచి, మూడు వందల శాతం జూమ్ చేసి, ఎడమ రెక్కలో మూడో ఈక దగ్గర కాపురం పెడతాడు. డీఎక్స్‌ఓలో ఈక నున్నగా వచ్చింది. క్యాప్చర్ వన్‌లో నీలం నిండుగా ఉంది. డార్క్‌టేబుల్‌లో ఏ మీట నొక్కాడో ఏమో, పిట్ట ఊదారంగుకు తిరిగింది. పిట్ట కన్ను ఫోకస్‌లో ఉందా లేదా అని మాత్రం ఈయన ఏ సాఫ్ట్‌వేర్‌నూ అడగడు. అర్ధరాత్రి దాటాక గెలిచిన ఫోటో ఇంటి వాట్సాప్ గ్రూపుకు వెళ్తుంది. వాట్సాప్ దాన్ని కుదించి, పిండి, ఆరేసి పంపుతుంది. పొద్దున పెద్దమ్మ ఓ దండం బొమ్మ పెడుతుంది. బాబాయి మాత్రం మనసులో మాట దాచుకోడు: "గూగుల్లో దొరికిందా?"

ఇక్కడ నన్ను ఆపి లెక్కలు చెబుతారు. పద్నాలుగు బిట్ల రా ఫైలులో ఒక్కో రంగుకు 16,384 మెట్లు, జేపెగ్‌లో 256. ముమ్మాటికీ నిజం. నీడలో మునిగిన ముఖాన్ని పైకి తేవాలంటే ఆ మెట్లు కావాల్సిందే. కాకపోతే అవి కెమెరా ఇచ్చినవి, సాఫ్ట్‌వేర్ కంపెనీ కట్టించినవి కావు. వాటిని వాడుకునే పని నెలనెలా డబ్బు కట్టేదీ చేస్తుంది, పైసా అడగని రా థెరపీ కూడా చేస్తుంది. ఒరిగిపోయిన గట్టును నిలబెట్టడం, అంచులో దూరిన ప్లాస్టిక్ సీసాను కత్తిరించడం, వెలుగు కాస్త పెంచడం, పసుపు కాస్త తగ్గించడం. ముప్పాతిక పని ఇంతే.

"ప్రొఫెషనల్స్ అందరూ అదే వాడతారండీ" అన్నది ఇంకో బ్రహ్మాస్త్రం. ఆ 'అదే' మాత్రం ఒక్కచోట నిలవదు. అడోబీ 2013లో ఒకసారి కొనుక్కుంటే సరిపోయే పాత పద్ధతికి మంగళం పాడి, ఫోటోషాప్ కొత్త వెర్షన్లను అద్దెకే ఇస్తానంది. అప్పుడు లేచిన ఆక్రందనలు ఇన్నీ అన్నీ కావు. అందరికంటే గట్టిగా అరిచింది, పుట్టి బుద్ధెరిగాక క్రాక్ వెర్షన్ తప్ప వాడని పెద్దమనిషి. ఒక్క రూపాయి కట్టనివాడికి అద్దె బాధ ఎలా తగిలిందో! ఆపిల్ వారి ఎపర్చర్‌ను నమ్ముకున్నవాళ్ళ కథ వేరు. 2005లో వచ్చిన సరుకును 2014లో ఇక చెయ్యబోమన్నారు. పికాసాకు గూగుల్ 2016లో తలుపులు మూసింది. అన్నిటికంటే నాకు నచ్చేది నిక్ ఫిల్టర్ల చరిత్ర. ఒకప్పుడు ఆ మూట ఖరీదు దాదాపు 500 డాలర్లు. నిక్ కంపెనీని గూగుల్ 2012లో కొని, తర్వాత ధర 149కి దించి, 2016లో ఉచితం చేసింది. మరుసటేడు డీఎక్స్‌ఓ కొనుక్కుని, ఆ తర్వాత మళ్ళీ ధర కట్టింది. ఫిల్టర్లు అవే. 500 డాలర్లప్పుడు వాడిన అదే ఫిల్టరు ఉచితమైన రోజున ఎవరి ఫోటోనైనా చెడగొట్టిందా? లేదు. "ఫ్రీగా ఇచ్చారంటే ఏదో తేడా ఉండే ఉంటుంది" అని మొహం చిట్లించినవాళ్ళే మళ్ళీ ధర పెట్టగానే స్థిమితపడ్డారు.

సరే, ఆరునెలల మథనం తర్వాత సాఫ్ట్‌వేర్ కుదిరిందనుకుందాం. దాంతో ఏం చేస్తారు? చార్మినార్ దగ్గర గాజుల గంప పెట్టుకున్న ముసలమ్మను నలుపు తెలుపులోకి మార్చి, క్లారిటీ స్లైడరును చివరిదాకా లాగుతారు. ఆవిడ ముఖం మే నెల చెరువులా బీటలు వారుతుంది. కింద 'జీవితం' అని శీర్షిక. ఆ ఫోటో ఆవిడకు చూపిస్తే గాజుల గంపతో కొడుతుంది.

ఆకాశం సంగతి మరీ ఘోరం. లూమినార్ 2019లో, ఫోటోషాప్ 2020లో ఒక్క నొక్కుతో ఆకాశాన్నే మార్చేసే సదుపాయం తెచ్చాయి. అప్పట్నుంచి హుస్సేన్ సాగర్ మీద ఎక్కడెక్కడి దేశాల మేఘాలో వచ్చి నిలబడుతున్నాయి. చెరువు నడుమ నిలబడ్డ బుద్ధుడి ఎడమ భుజాన ఎండ, సూర్యుడేమో ఆయన కుడిపక్క అస్తమిస్తుంటాడు. దానికో రెండొందల లైకులు. బుద్ధుడు కాబట్టి ఊరుకున్నాడు.

కొసమెరుపు లంబసింగిది. మంచు కోసమని డిసెంబరు చలిలో రాత్రంతా కారు నడుపుకుంటూ కొండెక్కి, తెల్లారకముందే మఫ్లర్లు చుట్టుకుని, వణికే వేళ్ళతో మూడొందల ఫోటోలు కొడతారు. లోయంతా తెల్లగా నిండి ఉంటుంది. ఇంటికొచ్చి మొదట లాగేది డీహేజ్ స్లైడరు. దాని పనే మంచు తీసెయ్యడం! అరవై దాకా లాగేసరికి అవతలి కొండ మీద సెల్ టవరు, కింద స్ట్రాబెరీ తోట కంచె, టీ కొట్టు ఫ్లెక్సీ, వరసగా ఆపిన కార్లు కడిగినట్టు బయటపడతాయి. "చూశారా డిటైలు!" అంటారు.

వచ్చే డిసెంబరుకు మళ్ళీ వెళ్తున్నారు. మంచు ఇంతకంటే శుభ్రంగా తీసే సాఫ్ట్‌వేర్ ఏదో దొరికిందట.