మేనిఛాయ తనిఖీ విధానం

తెలుగింట బిడ్డ పుట్టగానే రెండు సంగతులు తేలాలి. ఆడా మగా అన్నది ఒకటి, రంగు రెండోది. మొదటిదానికి డాక్టరు మాట చాలు. రెండోదానికి అనుభవజ్ఞులు కావాలి. పుట్టినప్పుడు పిల్లలంతా కాస్త ఎర్రగానే ఉంటారు కాబట్టి ఆ రంగును నమ్మరు. చెవి అంచులు మడిచి చూస్తారు. అక్కడ నలుపు తగిలితే పెద్దావిడ గుడ్డ సర్దేసి, "పోనీలే, కళగల మొహం" అంటుంది. మనిషి పుట్టాక అందుకునే తొలి ఓదార్పు అదే. అప్పటికింకా మెడ కూడా నిలబడదు.

అసలు ఏర్పాట్లు కడుపులో ఉండగానే మొదలవుతాయి. బిడ్డ తెల్లగా పుట్టాలని, గ్రాము వందల్లో పలికే కుంకుమపువ్వును పాలలో కలిపి తల్లి చేత తాగిస్తారు. చర్మం రంగును తేల్చేది మెలనిన్. అది ఎంత తయారవాలో అమ్మానాన్నల జన్యువులు చెబుతాయి. తల్లి తాగిన పాలు ఆమెకు అరుగుతాయి తప్ప లోపలి బిడ్డకు వెల్ల వేయవు. పైగా ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి ఒంటిని కాచేది ఆ మెలనినే. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే నేల మీద బతికే జనం డబ్బులిచ్చి మరీ దాన్ని వదిలించుకోవాలనుకోవడం చెప్పుకోదగ్గ విశేషమే.

పుట్టాక సున్నిపిండి వస్తుంది. పెసలు, శనగలు, కచ్చూరాలు, పసుపు వేసి ఆడించిన పిండితో నలుగు పెడితే తప్పేం లేదు. మురికి పోతుంది, బిడ్డ హాయిగా నిద్రపోతుంది. రంగు కూడా పోతుందని నమ్మిన అమ్మమ్మ మాత్రం మెడ మడతల్లో, మోకాళ్ళ మీద రెండు పట్లు ఎక్కువ రుద్దుతుంది. కొన్ని నెలల్లో మెలనిన్ పెరిగి బిడ్డ అసలు రంగు తేలుతుంది. నలుపైతే అది ఎప్పుడూ అవతలి వైపు వాళ్ళ పోలికే.

బడికి వచ్చేసరికి ఈ విద్య పురాణాలకెక్కుతుంది. రాముడు, కృష్ణుడు, ద్రౌపది నల్లనివారేనని పిల్లలకు కథల్లో చెబుతారు. వార్షికోత్సవానికి బాలకృష్ణుడు కావాల్సి వస్తే మాత్రం తరగతిలో అందరికంటే తెల్లని కుర్రాణ్ణి ఎంచి, ఒంటినిండా నీలం పూసి, పింఛం పెడతారు. పూత అక్కర్లేని పిల్లవాడు కొమ్మ పట్టుకుని బృందావనంలో చెట్టై నిలబడతాడు. సినిమాల్లోనూ అంతే: నల్లని పల్లెపిల్ల పాత్రకు తెల్లని నటిని తెచ్చి ముదురు మేకప్ వేస్తారు. చూసే పదేళ్ళ పిల్లకు అర్థమయ్యేది, నల్లగా నటించాలన్నా ముందు తెల్లగా పుట్టాలని.

వ్యాపారం ఈ నమ్మకాన్ని పుట్టించలేదు, డబ్బాలో పెట్టి అమ్మిందంతే. తెల్లబరుస్తానన్న ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము 1975లో వచ్చింది. దాని ప్రకటనల్లో ఆడపిల్లకు మొదట మొగుడు, తర్వాతి రోజుల్లో ఉద్యోగం దొరికాయి. 2005లో ఫెయిర్ అండ్ హ్యాండ్సమ్‌తో మగపిల్లలకూ సిగ్గుపడే అవకాశం విస్తరించింది. నల్లనివారిని దిగులుగా, ఓడిపోయినవారిగా చూపరాదని ప్రకటనల ప్రమాణాల మండలి 2014లో మార్గదర్శకాలిచ్చింది. 2020లో ఫెయిర్ అండ్ లవ్లీ పేరులోంచి ఫెయిర్ తీసి గ్లో పెట్టారు. నలభై అయిదేళ్ళ వాడకంలో అందరి కళ్ళ ముందూ మారింది ఆ పేరొక్కటే.

ప్రకటనలను ప్రశ్నించడం పిల్లలకు నేర్పాలని నిపుణులు చెబుతారు. క్రీము రాయకముందు, రాశాక అని చూపే రెండు ఫొటోల్లో వెలుతురు ఒకటేనా? మొదటి ఫొటోలో ఆ అమ్మాయి ఎందుకు నవ్వడం లేదు? ఇది కొంటే డబ్బు ఎవరికి పోతుంది? ఎనిమిదేళ్ళ పిల్లకు ఇది నేర్పడానికి ఒక పూట చాలు. నేర్పకపోవడానికి కారణం వేరే ఉంది. అడగడం అలవాటైన పిల్ల టీవీతో ఆగదు. "రంగు తక్కువైనా చదువులో చురుకు" అన్న అత్తయ్యను, మార్కులకూ ఒంటి రంగుకూ ఏం సంబంధమని నిలదీస్తుంది. ఎండలో ఆడితే నల్లబడతావని తమ్ముణ్ణి అనకుండా తననే ఎందుకంటారో చెప్పమంటుంది. అన్నయ్య పెళ్ళి ప్రకటనలో "తెల్లని వధువు కావలెను" అని రాయించింది ఎవరో, అన్నయ్య ఏ రంగో కూడా అడుగుతుంది. వీటికి ఇంట్లో ఎవరి దగ్గరా జవాబు సిద్ధంగా లేదు గనుక, టీవీలో క్రీము ప్రకటన రాగానే రిమోట్ అందుకుని చానల్ మార్చడమే ప్రస్తుతం అమల్లో ఉన్న పద్ధతి.