నన్ను తీసేస్తేనే నీరు కనిపిస్తుంది

నేను క్వార్ట్జ్ గాజు గొట్టాన్ని. ఒక మిల్లీమీటరు వెడల్పు, మిల్లీమీటరులో నూరోవంతు మందం గోడ. తలవెంట్రుకకన్నా పలుచన. నడుము దగ్గర పట్టుకుంటే పుటుక్కుమంటానని, పైనున్న చిన్న గరాటు దగ్గరే పట్టుకుంటారు.

ఎక్స్-కిరణాలు నాలో చిక్కుకోకూడదనే నన్ను ఇంత పలుచగా సాగదీశారు. అయినా వాటి దారిలోంచి పూర్తిగా తప్పుకోవడం నావల్ల కాదు. అందుకే నాలో చుక్కైనా పొయ్యకముందే నన్ను కొలిచారు. మాలిబ్డినం ట్యూబులోంచి 0.71 ఆంగ్‌స్ట్రామ్‌ల తరంగదైర్ఘ్యమున్న కిరణాలు నా మీద పడ్డాయి. డిటెక్టరు కోణం మారుస్తూ, ఏ దిక్కుకు ఎన్ని చెదిరాయో తెల్లవార్లూ లెక్కపెట్టింది. స్ఫటికమైతే పదునైన శిఖరాలు వచ్చేవి. గాజును కదా, నాకు వెడల్పాటి ఉబ్బు ఒకటి వచ్చింది.

తర్వాత నీళ్లు. నన్ను కొలుస్తున్న పరిశోధకురాలు సన్నటి సూదితో గరాటులో నీళ్లు వదిలింది. మధ్యలో ఒక గాలిబుడగ ఇరుక్కుంది. కిరణం పడేది సరిగ్గా అక్కడే. ఆమె ఊపిరి బిగబట్టి గోటితో నన్ను మెల్లగా మీటింది. మళ్లీ మీటింది. బుడగ జారి పైకి పోయింది. ఆవిరైపోకుండా నా మూతిని మైనంతో మూసింది.

క్షణం నిలవకుండా పరిగెత్తే అణువుల్లో నిర్మాణమేమిటని అడుగుతారు. అణువు చోటు మారుతూనే ఉంటుంది, పక్కదానితో దానికుండే ఎడం మాత్రం పెద్దగా మారదు. ఆ ఎడమే కిరణాలను కొన్ని కోణాల్లో ఎక్కువగా, కొన్నిటిలో తక్కువగా చెదరగొడుతుంది. 1916లో గోటింగెన్‌లో డిబై, షెరర్ ద్రవాల్లో ఈ జాడ చూశారు. కలకత్తాలో సి.వి. రామన్, కె.ఆర్. రామనాథన్ 1923లోనే ద్రవాల్లో ఎక్స్-కిరణాల వివర్తనం మీద వ్యాసం రాశారు. రామన్ పేరు చెప్పగానే అందరికీ కాంతే గుర్తొస్తుంది, ఈ పని గుర్తు రాదు. నాకది బాధే. 1927లో జెర్నికే, ప్రిన్స్ చూపిన గణితంతో, చెదిరిన కిరణాల వక్రరేఖనుంచి అణువుల మధ్య దూరాలు రాబట్టే దారి దొరికింది.

ఆ దారి పట్టాలంటే ముందు నన్ను తీసెయ్యాలి. ఖాళీ గొట్టం రీడింగు పూర్తిగా తీసేస్తే తప్పవుతుంది. నిండిన నాలో నీళ్లు కొన్ని కిరణాలను మింగేస్తాయి కనుక, వెనక గోడకు చేరేవి తగ్గుతాయి. అంచేత నా వంతు ఎంతో లెక్కకట్టి, అంతే తియ్యాలి. తక్కువ తీస్తే నా ఉబ్బు నీటి ఖాతాలో పడుతుంది. ఎక్కువ తీస్తే నీటిదే కొంత పోతుంది. గాలి చెదరగొట్టినవీ, తాకిడిలో శక్తి పోగొట్టుకున్న కాంప్టన్ కిరణాలూ ఇంకా ఉన్నాయి. ఆమె ఓపికకు దణ్ణం పెట్టాలి.

అన్నీ పోగా మిగిలిందే నీటి నిర్మాణం. ఒక ఆక్సిజన్‌నుంచి ఇంకో ఆక్సిజన్ సుమారు 2.8 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరంలో. ఆ తర్వాతి శిఖరం 4.5 దగ్గర. చుట్టూ నాలుగు మూలల్లో నలుగురు పొరుగువాళ్లుంటే రావలసిన దూరం అదే. చెదరగొట్టేవి ఎలక్ట్రాన్లు కాబట్టి, ఒక్క ఎలక్ట్రానున్న హైడ్రోజన్ ఇక్కడ దాదాపు కనబడదు. దాన్ని పట్టుకోవడానికి న్యూట్రాన్లు కావాలి.

నాలోనూ ప్రతి సిలికాన్ చుట్టూ నాలుగు ఆక్సిజన్లే, 1.6 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరంలో. అవి కదలవు, నీళ్లవి కదులుతాయి. లెక్కలో మమ్మల్ని వేరు చెయ్యడానికి ఆమె అంత పాటుపడినా, నీళ్లు నాకు చుట్టాలే అనిపిస్తుంది.

రేపు నామీద చల్లటి నైట్రోజన్ ఊదుతారట. నాలాంటి సన్నటి గొట్టంలో, మలినం లేని నీళ్లు సున్నా డిగ్రీల కింద కూడా కొంతసేపు ద్రవంగానే ఉండగలవు. చల్లబడేకొద్దీ ఆ 4.5 దగ్గరి శిఖరం ఇంకా స్పష్టమవుతుంది. అది చూడాలనే ఆమె తపన, నాదీ అదే. గడ్డకడితే మాత్రం మంచు పదోవంతు దాకా ఉబ్బుతుంది, నా గోడ ఆగదు. కొలత పూర్తయ్యాక ఏమైనా సరే. అంతవరకు మాత్రం నీళ్లు ద్రవంగానే ఉండాలి.